తాటాకు టాకీసులో మన మాట

మా మేనత్త పోయిందని మొన్న ఆదివారం పొద్దున ఫోనొచ్చింది. చేసింది అత్త కొడుకు, మా బావ. "అమ్మ పోయింది పాపా, నిద్దర్లోనే" అన్నాడు. ఆ ముక్క మా ఇంటి తెలుగులో చెప్పి, వెంటనే పక్కనెవరితోనో షామియానా గురించి అరవంలో మాట్లాడి, మళ్ళీ నాతో తెలుగులోకొచ్చి "బయల్దేరతావు కదా?" అన్నాడు. మా ఊరివాళ్ళకి ఇట్టా అటూ ఇటూ మారడం ఊపిరి తీసుకున్నంత మామూలు. నేను మాత్రం ఫోను పెట్టేసి కాసేపు దాని గురించే ఆలోచిస్తా కూచున్నా. ఎందుకంటే మా అత్తకి బతికినన్నాళ్ళూ ఉన్న ఆశ ఒక్కటే. అది ఈ రెండు మాటల మధ్య సంగతే.

తమిళనాడులో ఉన్న మా ఊరి గురించి కొంచెం చెప్పాలి మీకు. కోవిల్‌పట్టి నించి ఏళాయిరంపన్నై పొయ్యే దారిలో, నల్లరేగడి చేల మధ్య, అగ్గిపెట్టెల కంపెనీలూ టపాకాయల షెడ్లూ ఉన్న చిన్న ఊరు. సగం ఇళ్ళల్లో తెలుగు మాట్లాడతారు. మాట్లాడతారంతే, చదవడం రాయడం ఎవరికీ రాదు. ఎప్పుడొచ్చాం ఇక్కడికి అంటే "రాజుల కాలంలో" అంటారు, ఏ రాజంటే తెలీదు. బళ్ళో అరవం, బజార్లో అరవం, గుళ్ళో అరవం. తెలుగంటే ఇంట్లో, గొడ్ల దగ్గర, మొగుడూ పెళ్ళాల కొట్లాటలో. నేను ఈ అక్షరాలు నేర్చుకున్నది పెళ్ళయి నెల్లూరు వచ్చాకే, మా పాప ఒకటో తరగతి పుస్తకం పక్కన కూచుని. కాబట్టి నా తెలుగు ఎక్కడన్నా పాత వాసన కొడితే సర్దుకోండి.

ఆ ఊళ్ళో మా అత్త సినిమా టాకీసు నడిపింది. టాకీసంటే మేడా బాల్కనీ అనుకునేరు. పైన తాటాకు, చుట్టూ తడికెలు, కింద ఇసక. కొట్టాయి అనేవాళ్ళు. వెనక నాలుగు వరసల బెంచీలు, ముందంతా నేల టికెట్టు. ఇసక కుప్పగా పోసుకుని దాని మీద కూచుంటే అదే సింహాసనం, ఎనక వాడు తిడితే కుప్ప కొంచెం తగ్గించాల. ఆడవాళ్ళకీ మొగవాళ్ళకీ మధ్య నడుమెత్తు మట్టిగోడ. ఆడి నెల, అంటే ఆషాఢమాసపు గాలికి తెర ఊగేది. హీరో ఎంత కోపంగా ఉన్నా సరే, వాడి పొట్ట ముందుకీ వెనక్కీ పోతావుంటే పిల్లలం పడీపడీ నవ్వేవాళ్ళం.

పెట్టింది మామ. పత్తి వ్యాపారానికని కోవిల్‌పట్టి పోయినవాడు, ఎవరో టెంటు కొట్టాయి ఎత్తేస్తుంటే పాత ప్రొజెక్టరు కొని బండికెత్తుకుని వచ్చాడంట. కాడెద్దులు తెస్తాడనుకుంటే బొమ్మల మిషను తెచ్చాడని మా అవ్వ నెత్తి కొట్టుకుందంట. పాపం, మామకి దాన్ని ఎక్కువకాలం చూసుకునే రాత లేదు. ఆయన పోయాక కర్మలు అయీ అవకముందే పెద్దమనుషులంతా కూచుని, "ఆడకూతురు టాకీసు నడపడమేందమ్మా, మూసెయ్" అన్నారు. "ఆడకూతుళ్ళు చూడొచ్చు కానీ నడపకూడదా?" అనింది అత్త. అని, విరుదునగరు నించి బస్సులో రావాల్సిన రీళ్ళ పెట్టె వచ్చిందేమో కనుక్కోమని మా నాయన్ని పంపించింది.

మా నాయన కోవిల్‌పట్టిలో మిల్లు పనికి పొయ్యేవాడు. సెలవలిచ్చారంటే చాలు, నేను అత్త దగ్గర వాలిపోయేదాన్ని. తొంభైల్లో మాట ఇది. సాయంత్రం స్తంభం మీద గొట్టం మైకులో సామి పాట మొదలైతే, చుట్టుపక్కల ఊళ్ళల్లో ఆడవాళ్ళు పొయ్యి మీద కూడు దించేవాళ్ళు. ఆ పాట అయ్యేలోగా టికెట్టు దగ్గరికి చేరుకోవాల. అగ్గిపెట్టెల కంపెనీలో సగంరోజు పనిదినాల్లో అత్త మాట్నీ టైము వాళ్ళ కంపెనీ సైరను కూత ప్రకారం పెట్టేది, సినిమా వాళ్ళు చెప్పిన ప్రకారం కాదు. "నా జనం కాళ్ళూ చేతులూ కడుక్కొని రావద్దా?" అనేది.

ఇంకో సంగతి వింటే మీరు నవ్వుతారు. దేశంలో సగం పొయ్యిలు మా పక్క అగ్గిపుల్లతోనే అంటుకుంటాయి కదా, అత్త టాకీసులోకి మాత్రం ఒక్క పుల్ల పోకూడదు. పైన తాటాకు మరి! గేటు దగ్గర నడుం మీద ఒక ఈతాకు బుట్ట పెట్టుకుని నిలబడేది. మొగాడెవరైనా సరే, ఊరి పెద్దయినా, జేబులో అగ్గిపెట్టె తీసి అందులో వెయ్యాల్సిందే. పొయ్యేటప్పుడు ఏదో ఒకటి తీసుకుని పోవచ్చు. కొందరు మహానుభావులు ఖాళీ పెట్టె వేసి నిండు పెట్టె పట్టుకుపోదామని చూసేవాళ్ళు. అత్త ప్రతి పెట్టెనీ చెవి దగ్గర పెట్టి ఆడించేది. చప్పుడు రాకపోతే "ఏమన్నా, ఇంట్లో దేవుడికి కూడా ఇట్నే ఖాళీ కొబ్బరికాయ కొడతావా?" అనేది. ఆడవాళ్ళకీ తప్పదు. కంపెనీలో పుల్లలు సర్దీ సర్దీ వాళ్ళ కొంగు మడతల్లో ఒకటో రెండో ఉండిపోయేవి. "కొంగు దులుపు తల్లీ" అనడం, వాళ్ళు నవ్వతా దులపడం, గేటు ముందర ఎప్పుడూ నాలుగు పుల్లలు రాలి ఉండటం.

ఈ మాటలన్నీ అత్త అరవంలోనే అనేది. అదే నాకు చిన్నప్పటి నించీ పెద్ద వింత. ఇంటి నించి కొట్టాయికి నడిచేటప్పుడు ఇద్దరం తెలుగులోనే కబుర్లు. గేటు దగ్గరికి వచ్చేసరికి అత్త నోట్లో అరవం. మరి మాట ఎక్కడ మారుతుంది? కనిపెట్టాలని, ఆమె నోటినే చూస్తా నడిచేదాన్ని. తుమ్మచెట్టు దాకా తెలుగు. చిన్న కల్వర్టు దాకా తెలుగు. పంపుసెట్టు గది మలుపు తిరగ్గానే, ఎదురుగా మనిషి ఉన్నా లేకపోయినా, అరవం! ఒకసారి అడిగా, "ఏమత్తా, ఇక్కడికొస్తే మాట మార్చేస్తావు?" అని. ఆమే ఆశ్చర్యపోయింది. "మారస్తానా? నేనా?" అని నిలబడిపోయి వెనక్కి తిరిగి మలుపు వంక చూసింది. తర్వాత నవ్వి, "మన మాట ఇల్లు దాటి ఇంత దూరమే వస్తాదేమోనే, కాళ్ళు నొప్పి" అనింది.

జనమంతా అంతే. లోపల కూచున్నవాళ్ళలో సగం మంది తెలుగిళ్ళవాళ్ళే అయినా, అమ్మా కూతురూ పక్కపక్కన కూచున్నా, గేటు దాటితే అరవమే. ఎవరూ చెయ్యమని చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు.

అత్త గేటు పని అయ్యాక నడిమి గుంజకి ఆనుకుని నిలబడేది. కథ పెద్దగా పట్టించుకునేది కాదు. కానీ తెలుగు నించి అరవంలోకి మార్చిన పడాలు, అదే సినిమాలు, వచ్చినప్పుడు చూడాల ఆమెని! కళ్ళు చిట్లించి మనుషుల పెదాలనే చూసేది. "చూడవే, వాడి నోరు మన మాట చెప్తావుండాది. చెవిలో మటుకు అరవం పడతావుండాది. ఆ నోట్లో మాట ఎక్కడికి పోయినట్టు?" అనేది. ఒక్కోసారి పెదాలు చూసి, "అద్దో, ఇప్పుడు 'రా' అనినాడు!" అని నా భుజం నొక్కేది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఈ కొట్టాయిలో మన మాట వినాలని ఆమెకి. విరుదునగరులో పెట్టెలు పంపే ఏజెంటుని ఎప్పుడు కలిసినా అడిగేది. ఆయన నవ్వేసేవాడు. "అరవం పడానికే జనం తగ్గతా ఉండారు, నీకు తెలుగు పడమా అక్కా? ఎవరు చూస్తారు?" అనేవాడు. "నేను చూస్తా" అనేది అత్త.

ఆమె చెప్పిన ఒక మాట నేను ఎప్పుడూ మర్చిపోలేదు. పనిచేసి అలిసిపోయిన ఆడవాళ్ళు ఏడుపు సినిమాకే ఎందుకు విరగబడి వస్తారు అని అడిగితే, "ఇంట్లో ఏడిస్తే ఎందుకేడస్తావని అడుగుతారు. ఇక్కడ ఎవురూ అడగరు" అనింది. నెల్లూరొచ్చిన కొత్తలో నా మాట విని వీధిలో పిల్లలు నవ్వినప్పుడు, నేనూ పోయి ఒక మాట్నీలో కూచుని హాయిగా ఏడ్చి వచ్చా. అత్త దయ.

పెళ్ళయ్యాక మా కబుర్లన్నీ ఫోన్లోనే. అత్తకి నా కాపురం కంటే ఈ ఊరి మాట మీదే ఎక్కువ ఆరా. "అక్కడ బజార్లో కూడా మన మాటేనా?" "అవునత్తా." "బస్సులో?" "బస్సులో కూడా." "కండక్టరు?" "కండక్టరూ." తర్వాత గొంతు తగ్గించి, "పోలీసు కూడా మన మాటలోనే తిడతాడా?" అవునంటే, "అబ్బా! తిట్టినా బాగుంటాదే" అని మురిసిపోయేది. ఒకరోజు ఊరికే ఫోను బజారు పక్కకి పెట్టి పట్టుకోమంది. కూరగాయలమ్మి బేరం, రిక్షావాడి కేకా వింటా కూచుంది. నేను ఎండలో ఫోను పట్టుకుని నిలబడ్డా. పిచ్చిది అనుకున్నారు నన్ను.

రెండువేలు దాటాక కొట్టాయికి గడ్డురోజులు. ఇంటింటికీ టీవీ, సీడీలు. దానికి తోడు తాటాకు కప్పుకి ఇంక లైసెన్సు లేదు, రేకులన్నా వెయ్యి, మూసన్నా వెయ్యి అన్నారు ఆఫీసువాళ్ళు. అత్త వాదించలేదు. "మంచికే చెప్తుండారు, ఇన్నేండ్లూ భయంభయంగానే నిద్రపోయినా" అనింది. రేకులు వేసే ఓపిక లేదు. మూసేద్దామని తేల్చుకుంది. తేల్చుకుని నేరుగా విరుదునగరు పోయి ఏజెంటు ముందర కూచుందంట. "కడపటి పడం మన మాటలో వెయ్యాల. పెట్టె తెప్పిచ్చేదాకా ఇక్కణ్ణించి లేవను." ఆయన చిత్తూరు పక్క ఎవరినో పట్టుకుని, గీతలు పడ్డ పాత ప్రింటొకటి తెప్పించాడు. ఏ సినిమా అని అత్త అడగనే లేదు.

నేను పాపని ఎత్తుకుని ఆ ఆదివారం మాట్నీకి ఊరికి చేరుకున్నా. ఊరంతా ఒకటే గుసగుస. "మన మాటలో పడమంట!" కొట్టాయి మొహం చూడని ముసలమ్మలు కూడా బయల్దేరారు. మూలింటవ్వ అని ఒకావిడ ఉండేది, నోటికి తాళం లేదు. "ఇంట్లో మాట్లాడుకునే మాట మైకులో పెడతారా? లోపావడ బజార్లో ఆరేసినట్టుండాది" అని అందర్నీ తిడతానే అందరికంటే ముందొచ్చి ఇసక కుప్ప చేసుకుని కూచుంది. అరవం ఇళ్ళవాళ్ళూ వచ్చారు, చూద్దాం ఏముందోనని. బుట్ట నిండా అగ్గిపెట్టెలు. అత్త కొత్త చీర కట్టుకుంది.

తెర మీద మొదటి మాట వినపడగానే కొట్టాయంతా ఒక్కసారి సిగ్గుగా నవ్వింది. పెళ్ళిచూపుల్లో పిల్ల నవ్వినట్టు. తర్వాత నవ్వు ఆగిపోయింది. తెర మీద వాళ్ళు గబగబా మాట్లాడతారు, ఏవేవో పెద్ద మాటలు. "ఏం చెప్తాడే వాడు?" "ఏమో. మన మాట మాదిరే ఉండాది, మన మాట కాదు." "పంతులుగారి ఇల్లేమో." బెంచీల్లో కుర్రాళ్ళు "అక్కా, అరవం పడం పెట్టు!" అని ఈలలేశారు. ఒకరిద్దరు లేచి బుట్టలో పెట్టె తీసుకుని వెళ్ళిపోయారు. అత్త గుంజకి ఆనుకుని ఉంది. తెరనే చూస్తా ఉంది, పెదాలు కాదు, ఊరికే. ఇన్నేండ్లు ఎదురుచూసి పిలిపించిన చుట్టం ఇంటికొచ్చి మనల్ని గుర్తుపట్టకపోతే ఎట్టుంటుంది? అట్టుంది ఆమె మొహం.

ఇంటర్వెల్లో ఆపరేటరన్న దిగి వచ్చాడు. ఒట్టపిడారం మనిషి, మామ కాలం నించీ ఉన్నాడు, తెలుగు ఒక్క ముక్క రాదు. "పాత అరవం పెట్టె ఒకటుందక్కా, మార్చేద్దామా?" అన్నాడు మెల్లిగా. అత్త చేతిలో వేరుశనగ మిఠాయి పొట్లం తినకుండానే మడిచేసింది. "ఇంకొక్క రీలు పోనీ అన్నా" అనింది.

ఆ రీల్లో ఒక కోడలు అందరికీ వడ్డిస్తా ఉంది. ఉన్నట్టుండి చీకట్లో మూలింటవ్వ గొంతు, తెలుగులో, ఇంట్లో అరిచినట్టే:

"ఏమే, ఆ పిల్ల పొద్దన్నించీ ఏమన్నా తినిందా? ఎవురూ అడగరే!"

ఎవరో కిసుక్కుమన్నారు. పక్కనున్నామె, అదీ తెలుగులోనే, "తినిందిలే అవ్వా, ఇందాక గిన్నె కడగతా ఉండింది కదా" అనింది.

"గిన్నె కడిగితే తిన్నట్టా? నేను కడగలా ఎన్నేండ్లు!"

అంతే. గోడకి అటుపక్క నించి ఒక ముసలాయన, "ఆ వచ్చినోడు దాని తమ్ముడురా" అన్నాడు. "తమ్ముడా? మరిది!" "మరిదైతే చెయ్యి పట్టుకుంటాడా?" "మీ ఇంట్లో పట్టుకోరేమో!" కొట్టాయి గొల్లుమంది. తెర మీద మాట అర్థం కాకపోతే పోయె, కథ వీళ్ళే చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఒకరు అత్తగారి పక్షం, ఒకరు కోడలి పక్షం. పిల్లలు అడిగితే తల్లులు చెప్తుండారు. అరవం ఇళ్ళవాళ్ళు ఏందేందని అడిగితే వాళ్ళకి అరవంలో చెప్పి, మళ్ళీ తెలుగులో తగువు. అంతమంది ముందర, అంత గట్టిగా, మా మాట నేను ఎన్నడూ వినలేదు.

గుంజ దగ్గర చూస్తే అత్త లేదు. గబగబా ప్రొజెక్టరు గది మెట్లెక్కతా ఉంది. నేనూ వెనకే పోయా.

"అన్నా, సౌండు తగ్గించు."

ఆయన తగ్గించాడు. "చాలాక్కా?"

"ఇంకా."

"ఇంకా తగ్గిస్తే ఏమీ వినపడదు."

"అదే కావాల" అనింది అత్త.

ఆయన నా వంక ఒకసారి చూసి, మీట మొత్తం తిప్పేశాడు. తెర మీద మనుషులు నోళ్ళు కదుపుతా ఉన్నారు. ప్రొజెక్టరు టకటక, కింద నించి మా జనం మాట. అత్త ఆ చిన్న కిటికీ పక్కన, నడుం మీద బుట్టతో, తల ఒక పక్కకి వాల్చి, కళ్ళు మూసుకుని వినింది. కిందెవరూ సౌండేమైందని అడగలేదు, నమ్మండి. ఒక్కరూ!

ఆట వదిలాక కూడా తగువు తేలలేదు. తమ్ముడా మరిదా అని వాదించుకుంటా గేటు దాటారు. బుట్టలో అగ్గిపెట్టెలు తీసుకోవడం చాలామంది మర్చిపోయారు. నేను పాపని చంకనేసుకుని వాళ్ళ వెనకే నడిచా, చిన్నప్పటి పురుగు తొలుస్తా ఉంటే. పంపుసెట్టు మలుపు, కల్వర్టు, అవతల బజారు. బజార్లో టీకొట్టు ముందర కూడా తెలుగే! పరుగెత్తుకుని వెనక్కొచ్చి అత్తకి చెప్పా. "ఎట్టుండిందత్తా, తెర మీద మన మాట?" అని కూడా అడిగా.

"తెరని ఎవురు చూసినారే. నేల టికెట్టు వింటివా నువ్వు?" అనింది. కళ్ళు తుడుచుకుని, బుట్టలో ఒక పెట్టె తీసి చెవి దగ్గర ఆడించింది.

తాటాకు పీకేశారు. ఇప్పుడక్కడ ఏదో కంపెనీ వాళ్ళు ఎండలో అగ్గిపుల్లలు ఆరబోస్తారు. ఒక్క పుల్ల రానియ్యని చోట నేలంతా పుల్లలే. అత్త ఆ పక్కగా పోయినప్పుడల్లా నవ్వేదంట.

నేను వెళ్ళేసరికి ఇంటి ముందర షామియానా, జనం. గడప దగ్గర కొందరు మొగవాళ్ళ చెయ్యి, వాళ్ళకి తెలియకుండానే, చొక్కా జేబు మీదికి పోయింది. బావ మైకుసెట్టు పెట్టించాడు. మా పక్క అది ఆనవాయితీ, గొట్టం మైకులో అరవం ఏడుపు పాటలు ఊరంతా వినపడేలా. ఆ మోతలో లోపల ఆడవాళ్ళు ఏమంటున్నారో పక్కవాళ్ళకే తెలీదు. నేను అత్త కాళ్ళ దగ్గర కూచున్నా. మొహం చిన్నగా అయిపోయింది.

ఆపరేటరన్న వచ్చాడు. బాగా ముసలాడయ్యాడు, చేతిలో కర్ర. దండం పెట్టాడు, ఏడవలేదు, బయటికి పోయి మైకుసెట్టు పక్కన బల్ల మీద కూచున్నాడు. కాసేపటికి పాట తగ్గింది. ఇంకా తగ్గింది. "ఏం పెద్దాయనా?" అని మైకు కుర్రాడు అడుగుతుంటే, ఉండమన్నట్టు వేలు చూపించాడు.

లోపల మూలింటవ్వ, చూపు ఆనక, అత్త మొహం చేత్తో తడుముతా ఉంది. ఆమె గొంతు ఇప్పుడు వాకిట్లోకి, వీధిలోకి వినపడింది.

"ఏమే, రాత్రి ఇది ఏమన్నా తినిందా? ఎవురన్నా అడిగినారా?"

"తినిందవ్వా, రెండు ముద్దలు తినింది" అన్నాను, బావ నాతో చెప్పిన మాటే. ఇంకొకరు ఇంకేదో అన్నారు. ఒక్కరొక్కరుగా అందరూ మన మాటలో మొదలుపెట్టారు, అత్త గురించి, బుట్ట గురించి. కిటికీలోంచి ఆపరేటరన్న కనపడుతున్నాడు. ఒక్క ముక్క అర్థంకాని ఆ మాట వింటా, తల ఒక పక్కకి వాల్చి, ఎవరూ మళ్ళీ పెంచకుండా మీట మీద చెయ్యి వేసి కూచున్నాడు.